కదలు కొండను కనుగొన్న గిల్బర్టు

మన పూర్వులు పర్వతమునకు అచలమని పేరిడిరి. భూమికిని అచల, స్థిర అను నామములు కలవు. తరతరములుగా కన్నులయెదుట నొక్క తీరున నిలిచియుండు కొండను చూచువారికి అది కదలునన్న తలంపు కలుగుట యరుదు. అట్టి కొండయు కదలుచున్నదనియు, అది కదలినపుడే భూకంపము పుట్టుచున్నదనియు స్వయముగా చూచి, కొలిచి, లోకమునకు తెలిపిన విజ్ఞానులలో గ్రోవ్ కార్ల్ గిల్బర్టు అగ్రగణ్యుడు. అమెరికాలోని నేటి యూటా రాష్ట్రమున, వాసాచ్ పర్వతశ్రేణి పాదమున నెలకొనిన సాల్ట్ లేక్ నగరమునకు అతడు 1883వ సంవత్సరమున చేసిన హెచ్చరిక నేటికిని పాతబడలేదు.

గిల్బర్టు 1843వ సంవత్సరము మే నెల 6వ తేదీన న్యూయార్కు రాష్ట్రమునందలి రోచెస్టరు పట్టణమున జన్మించెను. తండ్రి చిత్రకారుడు; మనుష్యుల రూపములను పటములుగా వ్రాసి యిచ్చి జీవించువాడు. ఆ వృత్తిలో ఆదాయము నిలుకడగలది కాదు. ఇంటిలో ధనము కొఱవడినను విద్యపై మక్కువకు మాత్రము కొఱత లేదు. తలిదండ్రులు కష్టములకోర్చి కుమారుని రోచెస్టరు విశ్వవిద్యాలయమునకు పంపిరి. అతడు గణితమును, ప్రాచీన భాషలను శ్రద్ధతో చదివి, 1862వ సంవత్సరమున పట్టభద్రుడయ్యెను. భూగర్భశాస్త్రమును అతడచట చదివినది మిక్కిలి స్వల్పము.

చదువు ముగిసినంతనే మిషిగన్ రాష్ట్రమునందలి జాక్సన్ పట్టణమున ఉపాధ్యాయుడుగా చేరెను. స్వభావముచే సాధువును, మితభాషియునగు గిల్బర్టు అల్లరి బాలురను అదుపులో నుంచలేకపోయెను. సంవత్సరము తిరుగకముందే ఆ పని విడిచి యింటికి మరలెను. తొలి యుద్యోగమున కలిగిన యీ వైఫల్యమే యతనిని వేఱొక త్రోవకు మరల్చినది. విద్యాసంస్థలకు శిలలను, శిలాజములను, జంతువుల యస్థిపంజరములను సమకూర్చి పంపు నొక కర్మాగారమున అతడు చేరెను. అచట నైదు సంవత్సరములు రాళ్లను ఏర్చి, పేర్లు వ్రాసి, పెట్టెలలో నమర్చుట యతని పని. ఇతరులకు విసుగు పుట్టించు నా పనియే యతనికి పాఠశాల యయ్యెను. ఒక పర్యాయము ఏనుగును బోలిన ప్రాచీన జంతువగు మాస్టోడాను ఎముకలను త్రవ్వితీయుటకై నదీతీరమునకు పంపబడి, ఆ నది శిలను కోసికొని పోవుటకు ఎంత కాలము పట్టియుండునో గట్టుపై పెరిగిన వృక్షముల వయస్సునుబట్టి లెక్కింప యత్నించెను. పంపినవారు కోరినది ఎముకలు. అతడు తెచ్చుకొనినది ప్రశ్న.

1869వ సంవత్సరమున ఒహాయో రాష్ట్రపు భూగర్భ పరిశీలన శాఖలో సహాయకుడుగా చేరి, రెండు సంవత్సరముల పిమ్మట పశ్చిమ ప్రాంతములను శోధించుటకు ప్రభుత్వమువారు పంపిన వీలరు దండుతో బయలుదేరెను. ఆ ప్రయాణము సుఖమైనది కాదు. కొలరాడో నది మహాగహ్వరమున ప్రవాహమునకు ఎదురుగా పడవలను త్రాళ్లతో లాగికొనుచు పోవలసివచ్చెను. ఎండకును, ఆకలికిని, ప్రమాదమునకును ఓర్చి, గిల్బర్టు రాతిపొరలను చూచుచు, కొలుచుచు, పటములు గీయుచు సాగెను.

నెవాడా, యూటా ప్రాంతముల ప్రకృతి విచిత్రమైనది. ఉత్తర దక్షిణములుగా సాగిన కొండవరుసలు ఒకదాని ప్రక్క నొకటి నిలిచియుండును. ప్రతి రెండు వరుసల నడుమ చదునైన లోయ యుండును. వస్త్రమును రెండు చేతులతో దగ్గరకు నెట్టినచో ముడుతలు పడునట్లు, భూమి పైపొర ముడుతలు పడుటచే పర్వతములు పుట్టునని ఆనాటి పండితులు పలువురు భావించుచుండిరి. గిల్బర్టునకు ఆ సమాధానము తృప్తి నొసగలేదు. ఇచటి కొండల పాదములు బద్ద పెట్టి గీచినట్లు చాల దూరము సూటిగా సాగుచున్నవి. కొండలోని రాతిపొరలు ఏ దిక్కునకు వంగియున్నను, ఆ పాదరేఖ వానిని లక్ష్యపెట్టక కోసికొని పోవుచున్నది. దీనినిబట్టి ఈ కొండలు ముడుతలు కావనియు, భూమి పైపొర పగిలి, ఆ ఖండములలో కొన్ని పైకెగసి, కొన్ని క్రిందికి దిగుటచే నేర్పడినవనియు అతడు నిశ్చయించెను. ఇట్లు శిల పగిలి, పగులునకు ఇరువైపుల నున్న భాగములు తమ స్థానములనుండి తొలగుటనే భూగర్భశాస్త్రజ్ఞులు భ్రంశమందురు.

భ్రంశములు పలువిధములు. వాసాచ్ పర్వతపాదమున నున్నది సామాన్య భ్రంశము. భూమి పైపొర రెండు దిక్కులకు లాగబడి సాగినపుడు ఇట్టిది పుట్టును. అరలో బిగువుగా నిలిపిన పుస్తకములలో రెండు మూడింటిని తీసివేసినచో మిగిలినవి యొక ప్రక్కకు ఒరిగి క్రిందికి జారును గదా! ఆ విధముననే నేల సాగి చోటు కలిగినపుడు, ఏటవాలుగానున్న పగులుపై లోయభాగము క్రిందికి జారును. కొండభాగము పైకి లేచును. ఆ పశ్చిమభూమి తూర్పు పడమరలుగా నేటికిని మెల్లమెల్లగా సాగుచున్నదని యిప్పటి సూక్ష్మయంత్రములు తెలుపుచున్నవి. గిల్బర్టు కడ అట్టి యంత్రములు లేవు. అతనికి గలవి దిక్సూచి, కొలతబద్ద, సునిశితమగు దృష్టి, అలుపెఱుగని పాదములు మాత్రమే.

1875వ సంవత్సరమునుండి అతడు కొలరాడో నదీయాత్రచే ప్రఖ్యాతుడైన పావెలు నాయకత్వమున పనిచేసెను. యూటాలోని హెన్రీ పర్వతములను పరిశీలించి, భూమిలోపలి ద్రవశిల పైపొరలను గుమ్మటము వలె ఎత్తుటచే అవి యేర్పడినవని 1877వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథమున నిరూపించెను. 1879వ సంవత్సరమున అమెరికా భూగర్భ పరిశీలన సంస్థ స్థాపింపబడినపుడు దాని తొలి విజ్ఞానులలో నొకడయ్యెను. తరువాత సాల్ట్ లేక్ నగరమును కేంద్రముగా చేసికొని, అచట పూర్వమెన్నడో యుండి యింకిపోయిన యొక మహాసరస్సును పరిశోధింపసాగెను. దానికి బొన్నెవిల్ సరస్సని పేరు. నేటి ఉప్పునీటి సరస్సు దాని యవశేషమే. ఆ మహాసరస్సు నిండియున్నపుడు నీరు ఇప్పటి మట్టమునకు సుమారు 300 మీటరుల పైన నుండెడిది. దాని యలలు తీర్చిన తీరరేఖలు మెట్లవలె కొండప్రక్కల నేటికిని స్పష్టముగా కానవచ్చును.

ఈ తీరరేఖల వెంట నడచుచుండగా గిల్బర్టు దృష్టి వేఱొక వింతపై పడెను. వాసాచ్ పర్వతపాదమున, కొండకు సమాంతరముగా, నిటారైన చిన్న గట్లు కొన్ని కలవు. అవి కొన్నిచోట్ల మనిషి యెత్తు, కొన్నిచోట్ల పెద్ద మేడ యెత్తు ఉన్నవి. అవి సరస్సు అలల వలన పుట్టినవి కావు. ఏలయన తీరరేఖలు సమమట్టముగా నుండును, ఈ గట్లు ఎత్తుపల్లములను లెక్కింపక పోవుచున్నవి. పైగా నవి సరస్సు నిలిపిన మట్టిదిబ్బలనే కోసివేసినవి. లిటిల్ కాటన్‌వుడ్ అను లోయముఖమున హిమానీనదము మోసికొనివచ్చి పోసిన రాళ్ల గట్టు సయితము వానిచే తెగియున్నది. తెగినది ముందు పుట్టినది, కోసినది తరువాత పుట్టినది యనుట స్పష్టము. కావున సరస్సు ఇంకిన పిమ్మటనే పర్వతము మరల మరల పైకి లేచినది. భూమి వయస్సుతో పోల్చినచో అది నిన్నటి మాట. అట్లయినచో ఆ పెరుగుదల ఆగిపోయినదనుటకు ఆధారమేమి? లేదు, పర్వతమింకను పెరుగుచునే యున్నదని గిల్బర్టు నిశ్చయించెను.

ఇంతలో కాలిఫోర్నియాలోని ఓవెన్సు లోయ అతనిని ఆకర్షించెను. 1872వ సంవత్సరము మార్చి 26వ తేదీన తెల్లవారకముందే అచట ఘోర భూకంపము సంభవించెను. లోన్ పైను గ్రామమున 59 గృహములలో 52 గృహములు కూలెను. అనేకులు నిద్రలోనే ప్రాణములు కోల్పోయిరి. ఆ గృహములలో పెక్కు పచ్చి యిటుకలతోను, రాళ్లతోను కట్టినవి. గిల్బర్టు 1883వ సంవత్సరమున అచటికి పోయి చూడగా సియెర్రా పర్వతపాదమున క్రొత్తగట్లు కానవచ్చెను. అవి వాసాచ్ పాదమునందలి గట్లకు తోబుట్టువులవలె నుండెను. తేడా యొక్కటే: వీని పుట్టుక మనుష్యులెఱిగినది, వాని పుట్టుక యెవ్వరు నెఱుగనిది. ఆ లోయలో నేల నిలువుగా కంటె అడ్డముగానే యెక్కువ జరిగినదని తరువాతి పండితులు తేల్చిరి. అయినను గట్టు పుట్టుటకును, భూమి కంపించుటకును గల సంబంధము గిల్బర్టునకు నిశ్చయమయ్యెను.

వానకాలమున ఉబ్బిన తలుపును తెఱచుట మనమెఱుగుదుము. ఎంత నెట్టినను అది కదలదు. మనము బలము పెంచుచునే యుందుము. తుదకొక్కసారిగా రాపిడి నోడించుకొని తలుపు ధడాలున తెఱచుకొనును. పర్వతము సంగతియు నట్టిదే. దానిని కదలించు బలము వందల యేండ్లు కూడుచుండును. పగులునందలి రాపిడి దానిని నిలిపియుంచును. ఆ బలము రాపిడిని మించిన క్షణమున కొండ కొన్ని యడుగులు ఎగయును. ఆ కుదుపే భూకంపము. పిమ్మట బలము మరల మొదటినుండి కూడవలెను. కావున క్రొత్తగా గట్టు పడినచోట కొంతకాలము భయము తక్కువ. చాలకాలము గట్టు పడనిచోటనే భయమెక్కువ.

ఈ సూత్రమును చేతబట్టి గిల్బర్టు సాల్ట్ లేక్ నగరమువైపు చూచెను. పర్వతపాదమున అంతటను క్రొత్తగట్లు కలవు. నగరము ప్రక్కన, ఉష్ణజల బుగ్గలనుండి ఎమిగ్రేషను లోయవఱకు మాత్రము అతనికవి కానరాలేదు. సామాన్యుడైనచో గట్లు లేవు గనుక నగరమునకు భయము లేదని సంతసించును. గిల్బర్టు దానికి విరుద్ధముగా తలచెను. అచట భూమి చాలకాలముగా కదలలేదు. కనుక బలము మిక్కుటముగా కూడియుండును. తరువాతి విపత్తు అచటనే రావచ్చును.

ఈ విషయమును అతడు పండితసభలలో మాత్రమే చెప్పి యూరకుండలేదు. 1883వ సంవత్సరము సెప్టెంబరు నెలలో ఆ నగరపు దినపత్రికకే లేఖ వ్రాసెను. భూకంపము తప్పక వచ్చునని చెప్పెను. ఎప్పుడు వచ్చునో చెప్పుట తనకు సాధ్యము కాదనియు అంతే నిజాయితీతో చెప్పెను. ప్రజలు ఇటుకలను, రాళ్లను విడిచి కొయ్యయిండ్లు కట్టుకొందురని అతడు ఆశింపలేదు. కొయ్యయిండ్లకు అగ్నిభయము కలదని తానే యంగీకరించెను. భూకంపమున భయంకరమైనది ధననష్టము కాదు, ప్రాణనష్టమని జ్ఞాపకము చేసి, రెండు భయములకును తట్టుకొనగల నిర్మాణమునుగూర్చి యోచింపవలెనని సూచించెను. జనులు చదివిరి, మరచిరి. నగరము ఇటుకలతోనే పెరిగెను.

ఆ సంవత్సరమే గిల్బర్టు గృహమున తీరని దుఃఖము కలిగెను. అతని ముద్దుల కూతురు కంఠసర్పి వ్యాధిచే మరణించెను. భార్య యారోగ్యము చెడి, అటుపిమ్మట మరల కుదుటపడలేదు. అతడు తన దుఃఖమును లోలోపలనే దిగమ్రింగి పనిలో నిమగ్నుడయ్యెను. బొన్నెవిల్ సరస్సును గూర్చిన మహాగ్రంథము 1890వ సంవత్సరమున వెలువడెను. 1889 మొదలు 1892 వఱకు ప్రధాన భూగర్భశాస్త్రజ్ఞుడుగా కార్యాలయభారమును వహించెను.

అతడు పొరపాటు పడనివాడు కాడు. 1891వ సంవత్సరమున ఆరిజోనాలోని యొక పెద్ద గోతిని పరీక్షించి, అది ఉల్క పడుటచే నేర్పడెనా యని విచారించెను. ఉల్కయినచో లోపల ఇనుము పాతుకొనియుండవలెనని దిక్సూచితో శోధించెను, సూది కదలలేదు. ఆవిరి ప్రేలుటచే గోయి పడెనని చెప్పెను. అది ఉల్కాపాతమే యని తరువాతి వారు నిరూపించిరి. ఆయినను తాను ఏ మార్గమున ఆ నిర్ణయమునకు వచ్చెనో మెట్టుమెట్టుగా తెలిపి, క్రొత్త యాధారములు దొరకినచో దానిని మార్చుకొనవచ్చునని అతడు ముందే ప్రకటించెను. తప్పును దాచువాని కంటె తప్పు పట్టుటకు వీలు కల్పించువాడే శాస్త్రమునకు మేలు చేయును.

1906వ సంవత్సరము ఏప్రిల్ 18వ తేదీ తెల్లవారుజామున గిల్బర్టు శాన్ ఫ్రాన్సిస్కో నగరమునకు ఆవలి తీరముననున్న బర్క్‌లీ పట్టణమున నిద్రించుచుండెను. భవనము ఊగుటతో మెలకువ వచ్చెను. ఆ క్షణమునకై యతడు చిరకాలము వేచియుండెను. భయపడి పరుగెత్తక, ఊగుదల ఏ దిక్కున సాగుచున్నదో గమనించెను. ఆవలి తీరమున మహానగరము కూలి కాలుచున్నదని అతనికి తరువాత తెలిసెను. పిమ్మట పరిశోధనసంఘమున సభ్యుడుగా నియమింపబడి, పగులు పోయిన దారిలో నొక భాగమును నడచి పరిశీలించెను. అచటి భ్రంశము వాసాచ్ వంటిది కాదు. నేల పైకి లేవక ప్రక్కకు జరిగినది. ఒకచోట బాట 20 అడుగులు తొలగియుండుటను కొలిచి, ఛాయాచిత్రములు తీసెను.

భూకంపమును గూర్చి మాటాడినచో వ్యాపారము చెడునని తలచి, వర్తకులు పలువురు విపత్తునంతయు అగ్నిపై మోపుచుండిరి. 1909వ సంవత్సరమున పండితసభ నుద్దేశించి చేసిన ప్రసంగమున గిల్బర్టు ఈ దాపరికమును ఖండించెను. భూకంపము వచ్చుచోటును చెప్పవచ్చును. వచ్చు కాలమును నమ్మకముగా చెప్పుటకు శాస్త్రమింకను చాలదు. కాలము తెలియదు గనుకనే ఎల్లప్పుడును సిద్ధముగా నుండవలెను. దృఢమైన గృహములను కట్టవలెను. ఇది యతని బోధ. పాతిక సంవత్సరముల క్రిందట చెప్పిన మాటనే, కాలిన నగరమును చూచిన పిమ్మట, అతడు మరింత దృఢముగా చెప్పెను.

వార్ధక్యమున శరీరము సహకరింపకున్నను అతని మనస్సు తొలిప్రేమయగు పర్వతములవైపే పోవుచుండెను. వాసాచ్ ప్రాంతమునకు మరల పోయి గట్లను కొలిచెను. గ్రంథము వ్రాయుచుండగనే, 1918వ సంవత్సరము మే నెల 1వ తేదీన జాక్సన్ పట్టణమున తన సోదరి గృహమున కన్నుమూసెను. ఏబదియైదేండ్ల క్రిందట అల్లరి బాలురకు వెఱచి విడిచిన యూరది! డెబ్బదియైదు నిండుటకు అయిదు దినములు మాత్రము కొఱత. అసంపూర్ణముగా నున్న ఆ గ్రంథమును 1928వ సంవత్సరమున ప్రకటించిరి.

అతని మాటలకు కాలము సాక్ష్యము చెప్పెను. 1959వ సంవత్సరమున మాంటానాలోని హెబ్గెన్ సరస్సు కడను, లేఖ వ్రాసిన సరిగా నూఱేండ్లకు 1983వ సంవత్సరమున ఐడహోలోని బోరా శిఖరము కడను భూకంపములు వచ్చి, పర్వతపాదమున అట్టి గట్లే జనుల కన్నులయెదుట లేచెను. వాసాచ్ పాదమున కందకములు త్రవ్వి మట్టిపొరలను పరీక్షించిన విజ్ఞానులు, గడచిన ఆఱువేల సంవత్సరములలో ఆ శ్రేణి నడిమిభాగమున కనీసము 22 పెద్ద భూకంపములు కలిగినవని కనుగొనిరి. సాల్ట్ లేక్ నగరభాగమున పెద్ద భూకంపము వచ్చి సుమారు 1,300 సంవత్సరములైనది. సగటున అంతటి వ్యవధికే అవి వచ్చుచున్నవి. గిల్బర్టునకు కానరాని భ్రంశశాఖలు నగరపు వీథుల క్రిందనే కలవనియు తేలినది. 2014 మొదలు 2063 వఱకు గల ఏబది సంవత్సరములలో 6.75 లేక అంతకు మించిన పరిమాణముగల భూకంపము ఆ ప్రాంతమున వచ్చుటకు నూటికి 43 పాళ్లు అవకాశము కలదని 2016వ సంవత్సరమున నిపుణులు లెక్కించిరి. 2020వ సంవత్సరము మార్చి 18వ తేదీన 5.7 పరిమాణముగల కంపము నగరము నొక్కసారి తట్టిలేపినది. నేడా పర్వతపాదమున ఇరువది లక్షలకు పైగా జనులు నివసించుచున్నారు. వారు పాత పాఠశాలలను బలపఱచుచు, క్రొత్త కట్టడములకు నియమములు విధించుచు, గిల్బర్టు చెప్పిన పనిని ఆలస్యముగానైనను చేయుచున్నారు.

ఈ కథ దూరదేశపుదని మనము ఉపేక్షింపరాదు. మన గోదావరి లోయయు ప్రాచీనకాలమున భ్రంశముల నడుమ నేల దిగుటచే నేర్పడినదే. 1969వ సంవత్సరము ఏప్రిల్ నెలలో భద్రాచల ప్రాంతమున 5.7 పరిమాణముగల భూకంపము వచ్చెను. నిశ్చలముగా కనబడు నేలయెల్ల నిశ్చలము కాదు. ప్రకృతిని నిందింపక, దాని నడతను ఓపికతో తెలిసికొని, తెలిసినదానిని దాచక తోటివారికి చెప్పి, తెలియనిదానిని తెలియదని యొప్పుకొనుట విజ్ఞాని లక్షణము. గిల్బర్టు జీవితమంతయు అట్లే గడచినది. అతడు కొలిచిన గట్లు వాసాచ్ పాదమున నేటికిని నిలిచియున్నవి. వానివెనుక పర్వతము మౌనముగా బలమును కూడబెట్టుకొనుచున్నది.